కానుగ వాసన

బుధవారం, పటాన్‌చెరు

మా ఫ్యాక్టరీలో కానుగ నూనెతో చేసిన డీజిల్ మీద జనరేటర్ నడిపి చూపిస్తామని జిన్నారం రైతులను పిలిచాం. వాళ్లు రాకముందు నడిపి చూస్తే రెండుసార్లు ఆగిపోయింది. మేనేజర్ సైగ చేశాడు. బంకు డీజిల్ తెచ్చి పోసింది నేనే. ఇక ఆగలేదు. రైతులు చప్పట్లు కొట్టారు.

ఎల్లయ్య అనే పెద్దాయన మాత్రం పొగ వాసన చూసి, "మా అమ్మ కానుగ నూనెతోనే దీపం పెట్టేది సారూ. గా వాసన వస్తలేదేంది?" అన్నాడు.

"శుద్ధి చేస్తే పోతుంది" అన్నాను.

"తప్పుగ అడిగిన, ఏమనుకోకుండ్రి. సదువుకున్నోళ్లు, మీకెరుక" అని దండం పెట్టాడు. ఈ వానలకు రెండెకరాల్లో జొన్న మానేసి కానుగ మొక్కలే పెడతాడట. మా దగ్గర మొక్కలు తీసుకునేవాళ్ల జాబితాలో ఆయన పేరు నేనే రాశాను. ఆయన దాని పక్కన వేలిముద్ర వేశాడు.