కొత్త పెట్టిన బిళ్ళలు

విశాఖపట్నం,
22 సెప్టెంబరు 2005

అమ్మకు,

రాజకుమారి దండాలు. నేను బాగున్నాను, ఆసుపత్రిలో నాన్న కూడా బాగున్నాడు. ఈ మాట ముందే వినకపోతే మిగతా ఉత్తరం నీ చెవికెక్కదని తెలుసు. చదివిపెడుతున్న నూకరత్నం అక్కకు కూడా దండాలు. మన ఊరికి మందులు పంచే అక్కే ఇది చదువుతుందని తలచుకుంటే ఈసారి కొంచెం భయంగా ఉంది.

నాన్న ఏం తింటున్నాడని అడిగించావు. నీళ్ళు తాగితే ఇంకా పొలమారుతోంది కానీ, చిక్కటి చోడి అంబలి చక్కగా దిగుతోంది. మా హాస్టల్లో వంటచేసే యర్రమ్మ కాచి ఇస్తే క్యారేజీలో పట్టుకెళుతున్నాను. మీ అమ్మ కాసినట్టు లేదంటూనే గిన్నె ఖాళీ చేస్తున్నాడు.

నా చదువు సంగతి కూడా అడిగావు. మింగలేనివాళ్ళ కోసం నాలుక మీదే కరిగిపోయే బిళ్ళ తయారుచేయడం నా పని కదా. నాన్న నోట్లో ఎలా కరుగుతాయో చూడమని జూలైలో మందు కలపని బిళ్ళలు పది పంపాను. నువ్వేమో మామిడికైనా చిక్కుడుకైనా తొలికాపు దేవతకిచ్చి కొత్త పెట్టందే ఇంట్లో ఎవరినీ ముట్టుకోనివ్వవు. కూతురు చేసిన తొలి బిళ్ళలని పదీ విప్పి, అడ్డాకులో పోసి, నిసాని దేవత ముందు పెట్టావు. పూజ ముగిసేసరికి ఆకులో తడి తప్ప ఏమీ మిగల్లేదు. "నీ బిళ్ళలు అమ్మోరే సప్పరించీసింది. నాన్నకి మళ్ళీ పంపు" అని రాయించావు.

ఆ ముక్క నాతో ఈ పని చేయిస్తున్న మా స్వాతి మేడంకి చదివి వినిపించాను. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, ఉన్నట్టుండి నవ్వు ఆపి, ఆ రోజు మీ కొండ మీద పొగమంచు ఉందా అని అడిగారు. ఏసీ గదిలో గట్టిగా ఉండే బిళ్ళ మన వానాకాలపు తేమకు నిలవదని అప్పుడు తెలిసింది మాకు. మళ్ళీ మొదటినుంచి చేశాం. నీటిని లాగే పొడి తగ్గించాం, ఒక్కో బిళ్ళనూ విడిగా రేకులో మూశాం. ఇప్పుడు తడిగాలికి నిలుస్తోంది, నోట్లో ఇరవై లెక్కపెట్టేలోపు కరుగుతోంది. నీ పూజ లేకపోతే నా పని అక్కడే చెడిపోయేది.

అమ్మా, ఇక దాచిన మాట. పక్షవాతం వచ్చాక ఫిట్స్ రాకుండా అక్క ఇచ్చిన బిళ్ళలు నాన్న మింగలేదు. కిందటి దసరా సెలవుల్లో నా కళ్ళతో చూశాను. నువ్వు నోట్లో వేసి అటు వెళ్ళగానే, బుగ్గన దాచిన బిళ్ళను గుమ్మడిపాదులో ఉమ్మేశాడు. నన్ను చూసి చెయ్యి పట్టుకున్నాడు.

"సెప్పకు గుంటా. మింగబోతే ఊపిరాడదు నాకు. మీ అమ్మకి తెలిస్తే బెంగెట్టుకుంటాది."

నేను చెప్పలేదు. ఈ పని ఎంచుకున్నది ఆ రోజే, కానీ నోరు మాత్రం విప్పలేదు. తర్వాత రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి, రెండోసారికి నాన్నను ఇక్కడి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. పిండిబిళ్ళలు ఇచ్చావంటూ నువ్వు సంతలో అందరి ముందూ అక్కను తిట్టావు. అక్క తప్పేమీ లేదు. మందుల చదువు చదువుతూ ఊరుకున్న నాది తప్పు. అక్కా, ఈ వాక్యం మా అమ్మకు రెండుసార్లు చదువు.

కిందటి వారం మంగళవారం డాక్టరమ్మకు అంతా చెప్పేశాను. నాలుక మీద కరిగే ఫిట్స్ మందు బజారులో ముందే ఉందట. అదే తెప్పించి నాన్న నాలుక మీద పెట్టారు. నాన్న బుద్ధిగా తలూపాడు. ఆవిడ పక్కమంచం దగ్గరికి వెళ్ళగానే మెల్లగా లేచి కిటికీ దగ్గరికి నడిచాడు. ఎందుకో నాకు అర్థమైంది. ఉమ్మబోయాడు. బుగ్గలో వేలు పెట్టి ఈ పక్కా ఆ పక్కా వెతికాడు.

"ఏటే గుంటా, ఎటెల్లిపోనాది?"

లోపలికే వెళ్ళిపోయింది నాన్నా అన్నాను. వంకరపోయిన మూతితోనే పెద్దగా నవ్వాడు. వార్డంతా మా వైపు తిరిగింది.

ఇవాళ్టికి తొమ్మిది రోజులు, ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు. పొద్దున్నే నర్సమ్మ రాకముందే నాలుక చాపుకుని కూర్చుంటున్నాడు.

ఇట్లు,
నీ తిట్లకు సిద్ధంగా ఉన్న పెద్ద కూతురు,
రాజకుమారి