రింగు మీద నెయిల్ పాలిష్ చుక్క

సరోజా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. నీ రీలు కెమెరా లెన్స్‌ను అమ్మాయి కొనిచ్చిన కొత్త కెమెరాకు బిగించాను. మధ్యలో ఒక అడాప్టర్ వేయాలి. వేశాక తెర మీద "లెన్స్ లేదు" అని వచ్చింది. లేకున్నా ఫొటో తియ్యమని మెనూలోకి వెళ్ళి ఒప్పించాల్సి వచ్చింది.

దీనికి ఫోకస్ కోసం లెన్స్ చుట్టూ ఉన్న రింగును చేత్తో తిప్పాలి కదా. రింగు మీద నువ్వు పెట్టిన నెయిల్ పాలిష్ చుక్కను దూరపు ఫొటోలకు గుర్తనుకున్నాను. నిన్న ఆలంపూర్‌లో మీ అక్కను గుడి ముందు దూరంగా నిలబెట్టి, రింగును చుక్క మీదే ఉంచి ఇరవై ఫొటోలు తీశాను. కళ్ళజోడు మరిచాను కనుక తెర ఆమే చూసింది.

"ఏం మరిదీ, గింతసేపు ఎండల నిలబెట్టి ఫొటోల నన్ను పొగ లెక్క చేసినవా? మా చెల్లె తీస్తే ముక్కుపుడక గూడ కనబడేది."

"లెన్స్ సరోజదే వదినె."

"లెన్స్ దానిదే, చెయ్యి నీది గద."

లెన్స్ పాడైందేమోనని భయపడి, ఇంటికొచ్చి టేపుతో కొలిచి చూశాను. చుక్క మీద ఉంచితే ఆరడుగుల దూరం స్పష్టంగా పడుతోంది. మన గుమ్మం నుంచి నా కుర్చీకి సరిగ్గా ఆరడుగులు. "రింగు తిప్పేదాంక నీ నవ్వు నిలవదు" అనేదానివి. అందుకే ముందే తిప్పి పెట్టుకునేదానివన్నమాట.

గుమ్మంలో కెమెరా నిలిపి, టైమర్ పెట్టి కూర్చున్నాను. నవ్వించేవాళ్ళు లేక ఫొటోలో మూతి ముడుచుకునే పడ్డాను. మీసంలో వెంట్రుకలు మాత్రం లెక్కపెట్టవచ్చు.