ఫ్లింట్‌ని గొలుసు విప్పి వదలకు

మార్నీ,

నేను ఉన్ని షెడ్డుకి వెళ్తున్నాను, సాయంత్రానికి వస్తాను. ఫ్రిజ్‌లో మటన్ కూరిన రొట్టె ఉంది, వేడి చేసుకో.

ఫ్లింట్‌ని గొలుసు విప్పి వదలకు. పక్కింటి వెండీ ఆంటీ వాళ్ల ఆడకుక్క ఎదకొచ్చింది. నిన్న వీడు కంచె కింద గొయ్యి తవ్వేశాడు. "మీ పెళ్లికొడుకుని కట్టేసుకోండమ్మా, మేమింకా పెళ్లికి ఒప్పుకోలేదు" అందావిడ. నవ్వాలని తెలిసింది, నవ్వు రాలేదు.

తిప్పాలంటే మటౌరా ఏటి వైపు తీసుకెళ్లు, వాళ్ల కంచె వైపు వద్దు. పిలిస్తే రాడు. మళ్లీ మళ్లీ పిలవకు. వినకపోయినా ఏం కాదని వీడికి అలవాటవుతుందని మీ నాన్న అనేవారు కదా. శనివారం బాతుల వేట మొదలు. వీణ్ణి పంపమని మీ బాబాయి అడిగాడు. నీళ్లలో పడిన బాతుని వదిలేసి ఆడకుక్క కోసం పరిగెత్తుతాడు, వద్దన్నాను.

మీ నాన్నని పూడ్చి వచ్చినప్పటి నుంచి వీడు ఆయన కోటు కిందే పడుకునేవాడు. ఈ వారం అటు చూడనే లేదు. మొదట ఒళ్లు మండింది. తర్వాత అదీ లేదు.

అమ్మ

మరిచాను. తప్పించుకుంటే ఈల పొడుగ్గా ఒక్కసారి ఊదు, ఎక్కడున్నా కూర్చుంటాడు. ఈల ఆ కోటు జేబులోనే ఉంది. నువ్వే తియ్యి. నా చెయ్యి అందులోకి వెళ్లడం లేదు.