బావ గురించి ఒక్క పేజీ

ఒరేయ్ తమ్ముడూ,

ఇక్కడ అందరం క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. మీ బావ పోయి రెండు వారాలైంది. నువ్వొచ్చి వెళ్ళాక ఇల్లు మరీ బోసిగా ఉంది. ఆయనతో పనిచేసిన లిఫ్టు మెకానిక్కులు వచ్చే నెలలో సంతాపసభ పెడుతున్నారు. అక్కడ చదవడానికి ఆయన గురించి ఒక్క పేజీ రాసి పంపు. యాభై దాటాక రచయితనవుతానని కూర్చున్నావుగా, ఈ ఒక్కదానికైనా పనికిరా.

ఇట్లు,
మీ అక్క

తా.క. కథలా వద్దు. నీ కథలు చదివాను.

*

గౌరవనీయులైన అక్కకు,

మీ ఉత్తరం అందినది. కోరిన పేజీ ఈ దిగువ ఇవ్వడమైనది.

"బావగారు లిఫ్టుల మరమ్మతు విభాగంలో ముప్పై సంవత్సరాలు పనిచేసి, ముందస్తు సమాచారం లేకుండా తమ సేవలు నిలిపివేసినారు. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

ఇట్లు, భవదీయుడు,
తమ్ముడు

తా.క. నీళ్ళ ఆఫీసులో ఇన్నేళ్ళుగా ఫిర్యాదులకు జవాబులు రాస్తున్నది నేనే. నా రాత బాగుంటుందని పైవాళ్ళే అంటారు.

*

ఒరేయ్,

అసౌకర్యమా! మొగుడు పోతే, కుళాయిలో నీళ్ళు రానిదానికి రాసినట్టు రాస్తావా? చదువుకుంటూ ఏడుద్దామని కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఆయన పోయినప్పటినుంచీ రావడం లేదు, ఎవరికి చెప్పుకోను? కాస్త మనసుపెట్టి రాయి.

ఇట్లు,
అక్క

తా.క. కింద ఆఫీసు ముద్ర కూడా గుద్దావు.

*

అక్కా,

మనసుపెట్టాను. నాలుగు పేజీలొచ్చింది. మొదలు ఇలా ఉంటుంది:

"ఓ మృత్యువా! అనంత కాలసాగరాన మా బావ అనే ధ్రువతార రాలిన వేళ, దిక్కులు పిక్కటిల్లగా ప్రకృతి కన్నీరు కార్చెను..."

ఇట్లు,
సాహిత్యసేవలో నీ తమ్ముడు

తా.క. మూడో పేజీలో జనం ఏడవడానికి కొంత చోటు వదిలాను. అక్కడ ఆగి చదవాలి.

*

ఒరేయ్,

పక్కింటావిడకు చదివి వినిపించాను. ఏ రాజుగారు పోయారని అడిగింది. ఇందులో మీ బావ లేరు, నువ్వూ లేవు. సభ ఈ ఆదివారమే. చేతకాదని ఒక్క ముక్క చెప్పేస్తే యూనియన్ వాళ్ళతో రాయించుకుంటాను.

ఇట్లు,
మొగుడు పోయి, తమ్ముడూ అక్కరకు రాని
మీ అక్క

తా.క. నీ కథలు చదివినప్పుడల్లా ఆయనా ఇదే అడిగేవారు. "ఇందులో వీడెక్కడున్నాడే?" అని.

*

అక్కా,

సరే, నాకు చేతకాదు. చాలా? జన్మంతా లిఫ్టులు బాగుచేసి, ఒక్కదాంట్లోనూ ఎక్కని మనిషి గురించి ఏం రాయను? "నా చేతుల సంగతి నాకు తెలుసురా" అనేవాడు. మా ఇంట్లో కుర్చీ బాగుచేసిపెట్టి, "కూర్చోకు" అన్నాడు. తొమ్మిదో అంతస్తులో లిఫ్టు నడిపించి, మెట్లు దిగుతూ గుండె ఆగి పోయాడు. అందులోనే దిగి ఉంటే కింద ఎవరైనా చూసేవాళ్ళు. మెట్లమీద ఎవరు చూస్తారు? నాకు ఒళ్ళు మండిపోతోంది. ఇప్పుడు ఆఫీసులో లిఫ్టు తలుపు తెరుచుకుంటే అడుగు లోపల పెట్టలేకపోతున్నాను. రోజూ మెట్లెక్కి చస్తున్నాను. ఈ మోకాళ్ళనొప్పులు కూడా ఆయన పుణ్యమే. సభకు నేను రాను.

తమ్ముడు

తా.క. ఇది చింపెయ్.

*

తమ్ముడూ,

చింపలేదు. సభలో నేనే నిలబడి చదివాను. "కూర్చోకు" దగ్గర మెకానిక్కులంతా పగలబడి నవ్వారు. మెట్ల దగ్గరికొచ్చేసరికి ఇక చదవలేకపోయాను. అక్కడే కూలబడి, వెక్కివెక్కి ఏడ్చాను. ఆయన పోయాక అదే మొదటిసారి. ఎంత తేలికపడ్డానో చెప్పలేను.

వీడెక్కడున్నాడని అడిగేవారుగా. ఇందులో ఉన్నావురా.

ఇట్లు,
అక్క

తా.క. నీ కథలన్నీ తిప్పిపంపే ఆ పత్రికకు దీన్ని నేనే పంపాను. అచ్చు వేస్తారట. పోయినవాళ్ళ గురించి ఇలాంటివే ఇంకా రాయమన్నారు. మనవాళ్ళలో ఇక మిగిలింది నేనొక్కదాన్నే. తొందరపెట్టకు.