ఇరిటేషన్‌కు సరైన ఉదాహరణ

ఇబ్రహీంపట్నం

చిరంజీవి అక్షయ్‌కు, మేనమామ బాలనర్సింహ దీవించి రాసేది.

అల్లుడా, మీ రేణుకత్త అలిగి కందుకూరు, తల్లిగారింటికి పోయింది. ఇంట్ల ఉన్న ఒక్క ఫోను గూడ పట్టుకపోయింది, అందుకే ఉత్తరం. పోయేటప్పుడు తిట్టలే, ఏడ్వలే. "నీతోని ఇరిటేషన్" అన్నది, గంతే. ఇంగ్లీషుల ఎం.ఏ. చదివినవ్ గద, గా మాటకు అర్థమేంది? ఎప్పుడు వాడుతరు? ఆమె లేక ఇల్లు బోసిపోయింది.

మీ మామ

తా.క. జవాబు రాసినంక కవరుకు గమ్ము అంటించు. అంటించినవా?

*

బడంగ్‌పేట్

పూజ్యులైన మామకు అక్షయ్ నమస్కారాలు.

నిఘంటువు "చిరాకు" అని చెప్పి చేతులు దులుపుకుంది. నేను అంతటితో ఆగను. కోపం పరాయివాళ్ల మీదా వస్తుంది. ఇరిటేషన్ మాత్రం రోజూ కళ్ల ముందుండే మనిషి మీదే, అదీ చాలా చిన్న విషయానికే వస్తుంది. ఉదాహరణ: దోమ. కుట్టినందుకు కోపం, చెవి దగ్గర పాడినందుకు ఇరిటేషన్. నువ్వేం పాడుతున్నావో వెళ్లి అత్తనే అడుగు.

విధేయుడు, అక్షయ్

తా.క. అంటించాను మామా, అంటించాను.

*

ఇబ్రహీంపట్నం

అల్లుడు అక్షయ్‌కు దీవెనలు.

కందుకూరు పోయిన. ఒక్కన్ని పోతే బాగుండదని పరమేష్‌ను, దయాకర్‌ను పెద్దమనుషులుగ ఆటోల తోల్కపోయిన. మీ అత్త మొఖం ఇంక మాడింది.

పరమేష్ అడిగిండు, "కొట్టిండా?"

"లేదు."

"తాగుతడా?"

"లేదు."

"మరేం పంచాయితి బిడ్డా?"

"ఉప్పేస్తుంటే పక్కకు నిలవడి ఉప్పేసినవా అంటడు. తాళమేస్తుంటే తాళమేసినవా అంటడు. పండుకుంటే, పండుకున్నవా అని లేపుతడు!"

"గింత దానికి అలుగుతరా?" అన్నడు దయాకర్. నేను మర్యాదకు "దయన్నా, చాయ్ తాగుతున్నవా?" అన్న. గ్లాసు ఆయన మూతి కాడనే ఉండె. ఇద్దరు గూడ అత్త దిక్కు తిరిగిండ్రు.

తీర్పేందంటే, నేను వారం నీ దగ్గర ఉండాలె. మారిండని నువ్వు రాసిస్తేనే అత్త ఇంటికొస్తది. ఆదివారం వస్తున్న.

మీ మామ

తా.క. తలుపు తీసినవా?

*

బడంగ్‌పేట్

గౌరవనీయులైన రేణుకత్తకు,

బాలనర్సింహ అను మా మామ సంపూర్ణముగా మారినాడనియు, ఎవరినీ ఏమీ అడుగుట లేదనియు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.

ఇట్లు, అక్షయ్

తా.క. "మారిండని రాసినవా?" అంటూ నా భుజం మీద నుంచి తొంగి చూస్తున్నాడు. అత్తా, ఆ మాటకు అర్థం నాకు ఇప్పుడు తెలిసింది. రక్షించు.

*

కందుకూరు

చిరంజీవి అక్షయ్‌కు అత్త దీవెనలు.

నీ సర్టిఫికెట్ అబద్ధమని తెలుసు. అయినా ఇంటికి పోతున్న. ఈడ అడిగెటోళ్లు లేక మొన్న పప్పుల ఉప్పు మరిచిన, నిన్న రెండుసార్లు ఏసిన. అందరు సప్పుడు జెయ్యకుంట తిన్నరు. ఏందో, మంచిగనిపిస్తలేదు. మామను ఇబ్రహీంపట్నం బస్సెక్కియ్యి.

మీ రేణుకత్త

తా.క. ఎక్కిచ్చినవా?