కారవాన్‌కి కొత్త నేల

గురువారం, ఫిల్మ్‌నగర్

మనాలీ షూటింగ్ మధ్యలో ఆగిపోవడంతో, సినిమావాళ్ళకి అద్దెకిచ్చే మా కారవాన్ చలికాలమంతా అక్కడి షెడ్డులోనే ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి నేల ఉబ్బి పగిలింది. ఇవాళ యాదగిరి మేస్త్రి షీటు లేపి చూస్తే కింద ప్లైవుడ్ కుళ్ళిపోయి ఉంది.

"శుక్రవారం శుక్రవారం పసుపునీళ్ళు పోసి కడుగుతరు గద మేడం. ఆ నీళ్ళే సందులల్ల దిగి గడ్డకట్టినయ్. ఇగ కడుగుడు బంద్ చేయుండ్రి. హైటెక్ సిటీ ఆఫీసులల్ల ఏస్తున్న చెక్క ఫ్లోర్ ఏస్త, గుడ్డతోని తుడిస్తే చాలు."

షెడ్డుకి తాళం వేసేముందు డ్రైవర్‌కి ఫోన్ చేసి మరీ కడిగించింది నేనే. తప్పు నాదే. అయినా కడగడం మానను. ఆఫీసులో నేల మీద సాంబారు ఒలకదు, బురదకాళ్ళతో ఎవరూ ఎక్కరు. అతుకు లేని ఒకే రబ్బరు షీటు వేసి, అంచులు గోడల మీదికి మడిచి, తలుపు దగ్గర నీళ్ళు పోయే కన్నం పెట్టమన్నాను.

"సిటీ బస్సు లెక్క ఉంటది మేడం."

ఉండనీ.

సాయంత్రం, నేల ఏది వేయిస్తున్నారని ప్రొడక్షన్ మేనేజర్ ఫోన్. రబ్బరన్నాను. "చెక్క నేలైతేనే మా హీరోగారు ఎక్కుతారండీ." వచ్చే నెల బుకింగ్ వీళ్ళదొక్కటే. పైగా చలికాలం మళ్ళీ మనాలీయే, ఆ మంచుకి రబ్బరు ఆగుతుందో లేదో...

ఎక్కకపోతే మానేయమనండి అన్నాను.

రేపు శుక్రవారం. నేల లేదు కాబట్టి మెట్లు కడుగుతాను.