వాకర్ గొట్టం

బావా,

అన్నం, కూర పొయ్యి పక్కన మూతపెట్టి ఉంచాను, వేడి చేసుకుని తిను. పాపకి టీకా వేయించడానికి అత్తతో కలిసి బస్సులో వెళ్తున్నాను. బండి తాళం నా దగ్గరే ఉంది, ఇల్లంతా వెతక్కు.

నిన్న నువ్వు మెరిసే కొత్త చక్రాలు బిగించిన బండి మీద నీ వెనక కూర్చుని వీధి చివరిదాకా వెళ్లేసరికే నా ప్రాణాలు అరచేతిలోకి వచ్చాయి. ముందు చక్రం అటూ ఇటూ ఊగుతోందంటే, "కొత్త కదే, అలవాటు పడుతుంది" అన్నావు. అలవాటు పడ్డానికి అదేమన్నా కొత్త కోడలా?

వేరే మోడల్ చక్రాలు మన పాత బండికి అలాగే సరిపోవని, ఇరుసు దగ్గర సందు మిగులుతుందని, ఆ సందులో పట్టేలా కొలత ప్రకారం ఇనుప గొట్టం, అదే బుష్, చేయించాలని మెకానిక్ అన్నయ్య చెప్పనే చెప్పాడు. నువ్వు చేయించలేదు. పొద్దున పాప వాకర్ ఒక పక్కకి ఒరిగిపోతుంటే ఎందుకా అని చూశాను. దాని కాలి గొట్టం కొంత కోసేసి ఉంది. బండి దగ్గరికెళ్లి వంగి చూస్తే ఆ నీలం గొట్టం ముక్క బుష్‌కి బదులుగా చక్రం పక్కన ఇరుసు మీద కనిపించింది. ఏమనాలి నిన్ను?

పాత చక్రాలే మళ్లీ బిగించు. అప్పటిదాకా తాళం ఇవ్వను, పాపని ఆ బండి ఎక్కించను. మెరవకపోతే మానె, ముగ్గురం క్షేమంగా ఇల్లు చేరితే చాలు నాకు.

ఇంకోటి. నువ్వు విప్పి కిటికీ ఊచకి కట్టిన పాత చక్రాన్ని పట్టుకుని పొద్దున పాప మొదటిసారి తనంతట తనే లేచి నిలబడింది. నిన్ను పిలుద్దామని బయటికొచ్చేసరికి కంపెనీ బస్సు ఎక్కేశావు. చక్రం తీశాక ఆ చోట పాప పట్టుకోడానికి గట్టిదేదైనా పెట్టు. వచ్చాక వెతుక్కుంటుంది.